గుండె గోళీల కాగితం

పొద్దున పదకొండు కావస్తున్నది, ముసురు తెరిపియ్యలే, మీరేమో ఇంక గా మిషనే తిప్పుతున్నరు. జర బంజేయుండ్రి బావా. గా చప్పుడుకు నా మాట నాకే ఇనవడ్తలేదు.

రెండు గంటల సంది మీ కోసం తిరుగుతున్న. ఇంటికి పోతే లేరు. కాగితాలు అంటిపెట్టను పోయిండ్రని అక్క చెప్పింది. గోడ మీద యాడ గోందు తడిగ ఉంటే అటే పోయిన. మెట్రో స్తంభానికి ఒకటి. మెస్సు గోడకు ఒకటి. ఆఖరికి నేను వంట చేసే లేడీస్ హాస్టల్ గేటుకు సుత ఒకటి. జావా కోర్సు ఒక దిక్కు, స్పోకెన్ ఇంగ్లీషు ఒక దిక్కు, నడుమల మీ తమ్ముడు.

ఫొటో ఎందుకు వేసిండ్రు? మీ జిరాక్సుల ఆయన మొఖం బొగ్గు లెక్క వచ్చింది. నిన్న హాస్టల్ పిల్ల ఒకతి అడిగింది నన్ను, 'ఆంటీ, ఈయన ఏం దొంగతనం చేసిండు?' అని. పప్పు కలుపుకుంట నవ్విన. ఎట్ల నవ్విన్నో నాకే తెల్వది.

బయట ఆటో నిలబెట్టిన. పంజగుట్ట దవాఖానకు పోదాం, నడువుండ్రి.

రారు. నాకెరుకే. గందుకే చెప్పాల్సొస్తున్నది.

లేదు, కూసోను. నిలవడే చెప్త. ఇరవై ఆరేండ్లాయె నేను మీ ఇంటి కోడల్నై. మీ ముంగట నిలవడి గిన్ని మాటలు ఎన్నడన్న మాట్లాడిన్నా? మీకు ఏదన్న చెప్పాలంటే మీ ఇంటామె వజ్రమ్మక్కకు చెప్పేదాన్ని. అక్క మీకు చెప్పేది. మీరు నాకు చెప్పాలన్నా గట్లనే. నడుమల అక్క జర ఉప్పు కారం వేసేది. ఇయ్యాల అక్కను నేనే రావద్దన్న. ఇయ్యాల ఉప్పు కారం వద్దు.

నిన్న మెట్రో మెట్ల మీద మీకు ఏమయింది?

ఏం కాలేదా? అక్క చెప్పింది తీయుండ్రి. నడుమల కూలవడ్డరట. ఛాతి పట్టుకున్నరట. అంగీ చెమటకు తడిసిందట. అడిగితే గ్యాస్ అన్నరట. గీ ఊర్ల గుండె నొప్పి ఎవ్వరికి రాదు బావా. అందరికి గ్యాసే వస్తది.

గుండెల రెండు స్టెంట్లు పెట్టుకొని పన్నెండు దినాల సంది గోళీలు బంజేసిండ్రు. ఎందుకని అడిగితే గా కాగితం చూయిస్తరు. నాకు చూయించకుండ్రి. అది నాకు నోటికొచ్చు.

'గుండె గోళీలు వాడువారికి హెచ్చరిక. పక్షవాతం వచ్చినాక ఇన్‌ఫెక్షన్ ఈ గోళీల వల్లనే. పంజగుట్ట పెద్ద డాక్టర్ చెప్పిన నిజం.' కింద మీ పేరు, ఫోన్ నంబరు. దాని కింద, 'స్పైరల్ బైండింగ్ చేయబడును.'

పెద్ద డాక్టర్ ఎవరు బావా? పెద్ద డాక్టర్ ఏం చెప్పలే. చెప్పింది చిన్న డాక్టరమ్మ, రాగసుధ. ఆమె సుత గట్ల చెప్పలే.

మీరు అక్కడనే ఉన్నరు, నిజమే. ఉన్నోళ్ళందరికి తెలుస్తదా?

గా దినం యాదికి తెచ్చుకోండ్రి. పొద్దుగాల మొఖం కడుక్కుంట మీ తమ్ముడు బ్రష్ కింద పడేసిండు. తీస్తానికి వంగిండు, కుడి చెయ్యి రాలే. ఏందయ్యా అన్న. ఏదో అన్నడు, అది మాట కాదు. మా కొడుకు సురేందర్ ఆటో తెచ్చిండు. గంట తిరగకముందే వార్డుల ఉన్నం. జల్ది తెచ్చిండ్రు, మంచి పని చేసిండ్రు అని అక్కడోళ్ళు మమ్ముల మెచ్చుకున్నరు. అప్పటిదాక మంచోళ్ళమే.

మూడో దినం జ్వరం వచ్చింది. దగ్గు లేదు, ఏం లేదు, ఉత్త జ్వరం. ఊపిరి గురగుర. ఛాతికి ఫొటో తీస్తే నిమ్ము అన్నరు. లోపటి వార్డుకు తీస్కపోయి మూతికి ఆక్సిజన్ పెట్టిండ్రు. 'హనుమాండ్లు తాలూకు ఎవరు?' అని నర్సు పిలిస్తే ఐదుగురం ఒక్కసారే లేచినం. మీరు, అక్క, సురేందర్, యశస్విని, నేను. ఒక్కరు చాలమ్మా అన్నది ఆమె.

గప్పుడే రాగసుధ డాక్టరమ్మ ఫారాలు పట్టుకొని వచ్చింది. గుండె దడకు ఏ గోళి వాడుతుండె, ఎన్నేండ్ల సంది, దినాం వేస్కుంటుండెనా అని అడిగింది. ఎందుకు మేడమ్ అన్నడు మా సురేందర్. ఆమె ఏమన్నదో నాకు పొల్లు పోకుండ యాదికున్నది. 'గుండె మందులు వాడేవాళ్ళకి స్ట్రోక్ తర్వాత ఇన్‌ఫెక్షన్లు తక్కువ వస్తాయా, ఎక్కువ వస్తాయా, అసలు తేడా ఉంటుందా అని చూస్తున్నామండీ. ఇంకా తేలలేదు.'

ఇంకా తేలలే. గంతే అన్నది.

'అంటే గోళీలతోనే అయిందా?' అని మా బిడ్డ యశస్విని అడిగింది. అలా చెప్పలేం అన్నది డాక్టరమ్మ. 'అయితే కాదని చెప్పుండ్రి' అన్నది మా పిల్ల. అది కూడా చెప్పలేం అన్నది.

చాలు కద. మనోళ్ళకు గంత సందు దొరికితే అండ్ల ఇల్లు కట్టుకొని పండుకుంటరు.

గని బావా, గా ఇల్లు కట్టింది మీరు కాదు. నేను. ఆమె అటు పోంగనే అక్క చెవుల నేనే ఊదిన. 'గోళీలతోనే అయిందక్కా, వాళ్ళు మొఖం మీద చెప్తలేరు గని' అన్న. అక్క మీకు చెప్పింది. ఎంత ఉప్పు వేసిందో, ఎంత కారం వేసిందో. మాపటికల్ల మీరు మిషన్ చాలు చేసిండ్రు. నేను ఒక్కసారి అన్న. మీరు ఐదు వందల కాపీలు తీసిండ్రు.

జర ఆగుండ్రి. ఎందుకు అన్ననో సుత చెప్త. అన్ని చెప్త.

మర్నాడు సురేందర్ గా పిల్ల మీదికి పోయిండు. మీరు సుత ఎంబడే ఉన్నరు. 'మీ గోళీలు మింగబట్టే మా బాపుకు గిట్లయింది, మళ్ళ మా కాడికే ఫారాలు నింపను వస్తున్నరా?' అని వార్డు అంత ఇనవడేటట్టు మొత్తుకున్నడు. ఆమె అద్దాలు తీసి తుడుచుకున్నది. 'మీ బాధ నాకు తెలుసు' అన్నది. మా యశస్విని కన్న నాలుగేండ్లు పెద్దగ ఉంటదేమో. నేను గోడకు ఆనుకొని నిలవడ్డ. మీ తమ్మునికి ఒక్కనికే నోరు పడిపోయిందని అనుకుంటున్నరు అందరు.

పదహారో దినం ఆయనను ఇంటికి తెచ్చుకున్నం. మాట రాలే, కుడి చెయ్యి రాలే, మనిషైతే వచ్చిండు. వచ్చేటాలకు మీ కాగితం బజార్ల తిరుగుతనే ఉన్నది.

గీ గల్లీల తెలివిగల్లది ఫఖ్రున్నీసా ఆపా ఒక్కతే. ఆమె ఇంటాయన హమీద్ భాయ్ కాగితం తీస్కపోయి చూయిస్తే అటు తిప్పి ఇటు తిప్పి, 'డాక్టర్ కా నామ్ కిధర్ హై?' అన్నదట. పేరు లేదు. అయితే అండ్ల మిర్చీలు పొట్లం కట్టి పక్కింటికి పంపింది. భాయ్ ఒక్క పూట గోళి తప్పలే. అదృష్టం మనిషిది. ఇంట్ల ఎదురు మాట్లాడే ఆడది ఉన్నది.

ఇస్త్రీ ఐలయ్యకు గా అదృష్టం లేకపాయె. చదువు రాదని మీరే చదివి ఇనిపిచ్చిండ్రట కద. 'మొగిలన్న చెప్పిండంటే పక్కా' అన్నడట. ఆరు దినాలు గోళి బంద్. ఆరో దినం ఇస్త్రీపెట్టె అంగీ మీదనే ఇడిసిపెట్టి కిందవడ్డడు. అంగీ కాలిన వాసనకు నలుగురు ఉరికొచ్చిండ్రట. మనిషిని ఆ తర్వాత చూసిండ్రు. పంజగుట్టకు తీస్కపోతే గోళి ఎందుకు ఆపినవని డాక్టర్ గట్టిగ అడిగిండట. జేబుల నుంచి మీ కాగితం తీసి ఇచ్చిండట.

మీకు తెల్వదా? ఊరికి పోయిండని చెప్పిండ్రా?

ఆయనే చెప్పద్దన్నడు. మొన్న ఇంటికొచ్చిండంటే చూసొచ్చిన. మొగిలన్నను ఏమనకుండ్రి, మంచికే చెప్పిండు పాపం అన్నడు. ఆయన పెండ్లాం నా మొఖం చూసింది. నేను ఆమె చేతుల పండ్లు పెట్టి వచ్చిన. అయిదు అరటిపండ్లు.

ఇగ నిన్న మీరు మెట్ల మీద కూసున్నరు.

అబద్ధంతోని తెచ్చిన రోగాన్ని అబద్ధంతోనే తీస్తామని చూసిన బావా. పోయిన వారం అక్కతోని చెప్పిచ్చిన కద, పాత గోళీలే ఖరాబట, కొత్తయి మంచియట అని. మీరు నమ్మలే. కంపెనీలోళ్ళు గట్లనే అంటరు అన్నరు. మొదటి అబద్ధాన్ని జిరాక్స్ తీసి పంచిన మనిషి రెండోదాన్ని ఎందుకు నమ్మరో నాకు సమజ్ కాలే. నిజమొక్కటే మిగిలింది. గందుకే వాన్ల పట్టుకొచ్చిన.

మీరు కూసోండ్రి. గా స్టూల్ మీద. ఊపిరి ఆడుతలేదు మీకు, నాకు కనవడ్తున్నది.

రెండో దినం సంగతి. మధ్యాహ్నం మూడింటికి మీరందరు చాయ్ తాగను కిందికి పోయిండ్రు. ఆయన కాడ నేనొక్కదాన్నే ఉన్న.

మంచానికి నెత్తి కాడ ఒక బోర్డు ఉండె. నోటికి ఏమీ ఇవ్వరాదు అని. తెలుగులనే రాసిండ్రు. మింగుడు పరీక్ష చేసినంక చెప్తం, అప్పటిదాక అన్ని ముక్కుల గొట్టం నుంచే అని నర్సమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు తలూపిన. తలూపుడు నాకు మంచిగొస్తది.

గోళి సుత నూరి నీళ్ళల కలిపి గొట్టంల పోసింది నా ముంగటనే. అంతకుముందు కడుపుల ఏం పడలే. పాలు మాపటి సంది మొదలుపెడ్తమన్నరు.

మీ అమ్మ నాకు పెండ్లైన కొత్తల చెప్పింది. ఖాళీ కడుపున గోళి పడితే పేగు కాలుతదమ్మా అని. మన ఇంట్ల అందరికి గదే కాయిదా. చాయ్‌ల ముంచిన బన్ను తినాలె, అప్పుడు గోళి. పదకొండేండ్లు నా చేతితోనే ఇచ్చిన. ఒక్కనాడు తప్పలే. మీకు అక్క సుత గట్లనే ఇచ్చేది కద, పన్నెండు దినాల కింది దాక.

ఆయన కండ్లు తెరిచిండు. నన్ను చూడలే. నా ఫ్లాస్కును చూసిండు. ఎడమ చెయ్యి లేపి దాని మీద పెట్టిండు. పడిపోయిన కాంచి ఆయన ఏదన్న అడుగుడు అదే మొదలు. మీరైతే ఏం చేస్తుంటిరి?

లే, జవాబు చెప్పకుండ్రి. మీరైతే బోర్డు చదువుతుంటిరి.

సంచిల బన్ను ఉండె. చాయ్‌ల మెత్తగ నానబెట్టిన. చెంచాతోని పెట్టిన. మింగిండు. ఇంకొకటి పెట్టిన. మింగిండు. మూడోది సగం మూతి పక్కకెళ్ళి కారింది, కొంగుతోని తుడిచిన. దగ్గలే బావా. పొలమారలే. 'చూసినవా, ఉత్తగనే భయపెడ్తున్నరు' అనుకున్న. పేగు కాలుతదన్న ఫికర్ పోయింది. నిజం చెప్పాలంటే గర్వమైంది నాకు. డాక్టర్లకు ఎరుక లేనిది నాకు ఎరుకున్నట్టు.

గొంతు సగం పడిపోయినోళ్ళకు దగ్గు రాదట. లోపటికి పోయింది కడుపుల పడ్డదో ఊపిరితిత్తులల్ల పడ్డదో మనిషికే తెల్వదట. నాకు తర్వాత చెప్పిండ్రు. ముందుగాల సుత చెప్పే ఉంటరు. నేను తలూపుతున్న గద అప్పుడు.

దినాం తొంభై మంది ఆడపిల్లలకు వండిపెడ్తది గీ చెయ్యి. ఆరేండ్లల్ల ఒక్క పిల్లకు కడుపు నొయ్యలే. హాస్టల్ మేడమ్ నలుగురిల పొగుడుతది.

నోటికేమన్న పెట్టిండ్రా అని నర్సమ్మ అడిగింది. లేదన్న. జ్వరమొచ్చినంక పెద్ద డాక్టర్ అడిగిండు, మీరందరు ఇంటుండంగ. లేదు సార్ అన్న. రాగసుధ ఫారంల దానికి సుత ఒక గడి ఉన్నది. లేదు అని పెట్టమన్న. ఆమె గుండె గోళి గురించి అడుగుతుంటే నాకు పానం లేచొచ్చింది బావా. హమ్మయ్య, నేరం వేస్తానికి ఒకటి దొరికింది అని. గోళికి నోరు లేదు కద, కాదని చెప్తానికి.

అందుకే అన్న అక్క చెవుల. గదీ సంగతి.

గట్ల చూడకుండ్రి. ఏమన్న అనుండ్రి.

తమ్మునికి తెలుసా అంటున్నరా? తెల్వకేం. తిన్నది ఆయనే. ఉన్న ఒక్క సాక్షికి మాట లేదు. దేవుడు నాకు మస్తు సాయం చేసిండు. ఇప్పుడు అన్ని చిక్కగ చేసి, నిటారుగ కూసోబెట్టి, వాళ్ళు చెప్పినట్టే చెంచా చెంచా పెడ్తున్న. ప్రతి చెంచాకు నా కండ్లల్లకు చూస్తడు. తిడుతున్నడో, ఇంక జర పెట్టమంటున్నడో. తెల్వది. అడిగితే చెప్తడా?

ఇయ్యాల ఎనిమిదింటికి రాగసుధ డాక్టరమ్మకు ఫోన్ చేసిన. అంత చెప్పిన. తిట్టలే. ఎన్ని చెంచాలమ్మా అని అడిగింది. రెండున్నర అన్న. ఫారం దిద్దుకుంటనన్నది. ఏడుస్తున్నననుకొని ఒక మాట సుత అన్నది. 'గొట్టంతో ఉన్నవాళ్ళకి కూడా నిమ్ము వస్తుందమ్మా. మీ చెంచా వల్లనే వచ్చిందని కచ్చితంగా చెప్పలేం.'

చూసిండ్రా? గోళి మీద వేద్దామంటే వెయ్యనియ్యది. నా మీద వేసుకుందామంటే అదీ వేసుకోనియ్యది. ఇంకా తెల్వదు అని గంత నిమ్మళంగ చెప్పేటోళ్ళను నేను ఎన్నడు చూడలే. తెల్వదన్న మాటను ఎవ్వరు కాపీలు తీసి పంచరు బావా. అందుకే గా పిల్ల మాట వార్డు దాటలే, నా మాట మెట్రో స్తంభాలెక్కింది.

మీ సంగతి చెప్పంగనే మాత్రం గొంతు మారింది. స్టెంట్లు ఉన్నాయా, పన్నెండు రోజులా, మెట్ల మీద ఆయాసమా అని గడగడ అడిగింది. 'ఇంట్లో మీ అంతట మీరు ఏమీ ఇవ్వకండి. ఆయన్ని నడిపించకండి. వెంటనే తీసుకురండి' అన్నది. గదొక్కటి పక్కా చెప్పింది. దాన్ని తీయుండ్రి కాపీలు.

పిల్లలకు చెప్పలే. మాపటికి చెప్త. సురేందర్ గా పిల్ల కాడికి పోయి మాఫీ అడగాలె. తల్లి మాట నమ్మినందుకు. ఇంత పెద్దగైనంక వాడు నన్ను ఏమంటడో ఏమో. అననియ్యి.

కరెంటు బటన్ నేను బంజేస్త, మీరు లేవకుండ్రి. షటర్ సుత నేనే గుంజుత. బరువైనా గుంజుత. పట్టుకోండ్రి, నా భుజం పట్టుకోండ్రి. ఎవ్వరన్న చూస్తే చూడనియ్యి. మరదలి భుజం మీద చెయ్యేసిండని మీకు పాపం రాదు.

ఆటో అన్నా, జర ఇటు మలుపు. గీ మెట్టు కాడికి.

మెల్లగ. నీళ్ళున్నయ్.

భయమైతున్నదా? చెయ్యి చల్లగున్నది. భయపడకుండ్రి, అక్కడికి పోయినోళ్ళు వస్తనే ఉన్నరు. మీ తమ్ముడు వచ్చిండు. ఐలయ్య వచ్చిండు. ఇద్దరైండ్రా. మాపటికో ఎల్లుండికో మిమ్మల్ని తెస్తే ముగ్గురు.

నేనా?

నేను దినాం వచ్చిన బావా. పదహారు దినాలు గా వార్డు నుంచి దినాం మాపటికి మంచిగనే ఇంటికొచ్చిన. అన్నం తిన్న, పండుకున్న. నాకేమయింది?